ఉపకేంద్రం తలుపుకు గడియ

పల్లెల్లో పనిచేసిన నర్సమ్మల చరిత్ర నాలుగు మాటల్లో రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరారు. కమిటీలతో మొదలుపెడతాను, సభ్యులు విసుక్కోవద్దు.

భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. 40 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు, నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, నలుగురు మిడ్‌వైఫులు, ఇంకా ఒక నర్సు ఉండాలంది. అది పదిమంది నడుమ పని. ఆచరణలో ఉపకేంద్రానికి మిగిలింది ఒంటరి ఏ.ఎన్.ఎం. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను మహిళా ఆరోగ్య కార్యకర్తగా మార్చమంది. పేరు మారింది, పనులు పెరిగాయి, వసతి మాత్రం అలాగే ఉండిపోయింది.

1974లో నేను చేరిన ఊళ్లో ఉపకేంద్రమంటే ఒక అద్దె గది. తలుపుకు గడియ లేదు, రాత్రిపూట రోకలి అడ్డంపెట్టేదాన్ని. అర్ధరాత్రి ఎవరైనా పిలిస్తే అది కాన్పు కబురో కాదో తలుపు తీస్తేగాని తెలిసేది కాదు. పక్కింటి ముసలమ్మ పుణ్యాన, ఆమె మంచం నా గదిలోకి చేరాక కంటినిండా నిద్రపోయాను. నా మొదటి సూపర్‌వైజరమ్మ రిజిస్టర్లు చూసి బస్సెక్కేసేవారు. తర్వాత వచ్చినావిడ రాత్రి ఆగి, ఎదురుకాళ్ల కాన్పులో నా పక్కన నిలబడి నేర్పించారు. ఇద్దరి హోదా, జీతం ఒకటే!

ఇక టార్గెట్లు. ఎమర్జెన్సీ రోజుల సంగతి మీకందరికీ తెలుసు. ఆ తర్వాత కూడా ఆపరేషన్ కేసులు తక్కువైతే నెలవారీ సమావేశంలో అందరి ఎదుట నిలబెట్టేవారు. నాకొకసారి జీతం ఆపారు. 1996 ఏప్రిల్‌లో కేంద్రం టార్గెట్లను ఎత్తివేసింది. మా దగ్గర మరికొంతకాలం నోటిమాటగా నడిచాయి లెండి.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. కాంట్రాక్టు మీదనైనా రెండో ఏ.ఎన్.ఎం.లను తీసుకున్నారు. ఉపకేంద్రానికి ఏటా 10 వేల రూపాయలు, సర్పంచ్‌తో కలిసి ఉమ్మడి ఖాతాలో ఇచ్చారు. అప్పటికి నేనూ సూపర్‌వైజర్‌నే. ఆ డబ్బుతో ముందు ఏం కొనాలో చెబుదామని ఒక ఊరు వెళ్లాను. అక్కడి అమ్మాయి అప్పటికే కొనేసింది: తలుపుకు ఇనుప గడియ, స్నానాల గదికి రేకు తలుపు. రసీదులు చూపిస్తూ, "ఆడిట్‌లో అడుగుతారేమో మేడమ్" అని భయపడింది.

సంతకం చేసి ఇచ్చాను.