ఇంటిపన్ను చెప్పిన చరిత్ర

సంవత్సరమునకొకమారు పురపాలక సంఘపు బిల్లు కలెక్టరు వచ్చి ఇంటింటికిని ఒక కాగితమిచ్చి పోవును. పన్ను ఎంత పెరిగినదో చూచి, నిట్టూర్చి, దానిని గోడ మేకునకు గ్రుచ్చి మరచిపోవుట మన వాడుక. ఆ కాగితమును నిదానముగా చదివినచో అందు ఒక చిన్న పద్దు కనబడును. అది గ్రంథాలయపు పన్ను. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. ఇల్లుగలవాడు తన ఇంటికై చెల్లించు సొమ్ములో కొంత, ఊరివారందరును కూర్చుండి చదువుకొను మరియొక ఇంటికి పోవుచున్నదన్నమాట. ఇంటికిని ఊరికిని గల ఈ బాంధవ్యము ఎట్లేర్పడినది, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములందు అది ఎంతవరకు నిలిచినది అను విషయమును నేడు ముచ్చటింతము.

ఈ మూడు పట్టణములును చిరకాలము కరీంనగరు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగినప్పుడు జగిత్యాల, సిరిసిల్లలు జిల్లా కేంద్రములైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. జగిత్యాలకు 1747 నాటిదని చెప్పబడు నక్షత్రాకారపు కోట గలదు. కోరుట్లకు పూర్వకాలపు మెట్లబావి గలదు. సిరిసిల్లకు మగ్గము గలదు. మూడింటను బీడీలు చుట్టు ఆడువారు గలరు. గల్ఫు దేశములకు పోయిన కొడుకుల కొరకు ఎదురుచూచు తల్లిదండ్రులు గలరు.

నిజాము పాలనలో ఈ పట్టణముల ప్రజలకు సభ చేసికొనుటకు చోటు దొరకుట సులభము కాదు. 1929 ప్రాంతమున వెలువడిన గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువును అనుసరించి, బహిరంగ సభకు ముందుగా ప్రభుత్వము అనుమతి పొందవలసి యుండెను. పందిరి వేయుటకు స్థలమున్నను పలుకుటకు సెలవు లేదు. అట్టి దినములలో, 1935లో, నాలుగవ ఆంధ్ర మహాసభ సిరిసిల్లలో జరిగెను. మాడపాటి హనుమంతరావు అధ్యక్షత వహించిరి. అచటనే జరిగిన మహిళాసభకు మాడపాటి మాణిక్యాంబ అధ్యక్షురాలు. వెట్టిచాకిరి, తెలుగు చదువులు, స్త్రీవిద్య ఇవి ఆ కాలపు మహాసభలను కలచిన సమస్యలు. ఆ హనుమంతరావుగారే 1951లో హైదరాబాదు నగరమునకు తొలి మేయరైరి. అనుమతితో సభ జరుపుకొన్న తరము, పదునారేండ్లకు నగర పాలనాపీఠము నెక్కినది. మన పట్టణ స్వపరిపాలన చరిత్రకు ఇంతకంటె మంచి ప్రారంభము దొరకదు.

తరువాతి కథ చట్టములది. హైదరాబాదు రాష్ట్రమున 1956లో జిల్లా పురపాలకముల చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశమున 1965 నాటి పురపాలక చట్టము దాని స్థానము నాక్రమించెను. 1992లో చేయబడి 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలకములకు అప్పగింపదగిన 18 విధులను పన్నెండవ షెడ్యూలున చేర్చెను. వీధులు, నీరు, పారిశుద్ధ్యముతో పాటు మురికివాడల బాగు, పేదరిక నిర్మూలన, బలహీనులకును వికలాంగులకును రక్షణ, సాంస్కృతికాభివృద్ధి, తుదకు శ్మశానములు కూడ అందున్నవి. అనగా పుట్టుక మొదలు కాటివరకు మనిషికి కావలసినదంతయు ఆ పట్టికలో గలదు. ఐతే అందొక మెలిక యున్నది. ఆ అధికారములను శాసనసభ "ఇయ్యవచ్చును" అని రాజ్యాంగము చెప్పినది. "ఇచ్చి తీరవలెను" అని చెప్పలేదు. అందుచేత మన కౌన్సిలు తీర్మానము చేయును. నిధి మాత్రము తరచుగా రాజధాని నుండి రావలసి యుండును.

ఇండ్ల విషయము చూతము. సిరిసిల్లలో చేమగ్గపు నాడు ఇల్లే కార్ఖానా. గుంటమగ్గము ఇంటిలోనే యుండెడిది. ఆలు కండెలు చుట్టగా మగడు నేసెడివాడు. బ్రదుకుతెరువునకై షోలాపురము, భీవండి పోయినవారు మరమగ్గపు పని నేర్చిరి. క్రమముగా సిరిసిల్లలోను మరమగ్గములు, అచటివారి మాటలో సాంచాలు, వేల సంఖ్యలో వెలసినవి. యజమాని నూలిచ్చును, ఆసామి తన సాంచాలపై నేయించును, కార్మికుడు మీటరు లెక్కన కూలి తీసికొనును. సాంచాలకు షెడ్లు లేచినవి. కార్మికునకు మాత్రము అద్దె గదియే గతియైనది. 1990 దశకపు చివరనుండి పని కుంటుపడి, అప్పులు పెరిగి, నేతగాండ్ర ఆత్మహత్యలు దేశమంతట వినబడినప్పుడు, ఆ విషాదములో అద్దె గదికి కూడ పాలు గలదు.

అద్దె ఇంటి కష్టము అద్దెతో తీరునది కాదు. అద్దెకున్న వారింట చావు సంభవించినచో శవమును ఇంటిలోనికి రానీయని వాడుక తెలంగాణ పట్టణములందు గలదు. సిరిసిల్ల నేతవాడలలో ఈ బాధ పెక్కు కుటుంబములు పడినవి. ఆసుపత్రిలో కన్నుమూసిన మనిషిని బాట ప్రక్కన గుడారము క్రింద పరుండబెట్టి, పదునొకండు దినముల కర్మలకై ఆలుబిడ్డలు పంచను వెదకికొనవలసి వచ్చును. ఇంటి యజమానులందరును కఠినులని మేమనము. అశుచి భయము తరతరములది. అయినను ఇది ఇంటి సమస్యయా, ఆదరువు సమస్యయా, ఊరి ఉమ్మడి స్థలపు సమస్యయా అని అడిగినచో, మూడును నని చెప్పవలసి యున్నది. నీరు, కప్పు, వంటకొట్టము గల ఒక కర్మశాలకు పెద్ద నిధులక్కరలేదు. ఒక తీర్మానము, కొంత స్థలము చాలును. శ్మశానములు పన్నెండవ షెడ్యూలునందే యున్నవి గదా!

సొంత ఇండ్ల ప్రయత్నమును తక్కువ చేయరాదు. 2015 నుండి తెలంగాణ ప్రభుత్వము సాగించిన రెండు పడకగదుల ఇండ్ల పథకములో ఒక్కొక్క ఇల్లు 560 చదరపు అడుగులు. సిరిసిల్లకు మానేరు ఆవలనున్న తంగళ్ళపల్లి మండలపు మండేపల్లిలో 1,320 ఇండ్లు 2021 జూలై 4న ప్రారంభింపబడెను. జగిత్యాల పేదలకై పట్టణము వెలుపల నూకపల్లిలో కాలనీ వెలసెను. ఊరిలో స్థలము ప్రియమైనందున ఇండ్లు ఊరు దాటి పోవుచున్నవి. ఇల్లు దక్కినవాని ఆనందము నిజమైనది. కాని సాంచా ఈవల, ఇల్లు ఆవల ఐనచో, రాత్రిపాళీ దిగిన కార్మికుడు ఏ బండి మీద ఇల్లు చేరవలెను? బీడీ చాట పట్టుకొని తల్లి కార్ఖానాకు ఎంత దూరము నడువవలెను?

ఇట్టి ప్రశ్నలు పరదేశములందును పుట్టినవి. ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరసభ 1923లో గృహనిర్మాణపు పన్ను విధించి, పెద్ద భవంతుల వారి నుండి హెచ్చుగా వసూలు చేసి, 1934 నాటికి 60,000లకు పైగా ఇండ్లు కట్టించెను. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ అను భవన సముదాయమున 1,382 ఇండ్లు గలవు. ఇంచుమించు మన మండేపల్లియంత. ఆ ప్రహరిలోపలనే చాకిరేవులు, స్నానశాలలు, పిల్లల బడులు, దంతవైద్యశాల, గ్రంథాలయము ఏర్పరచిరి. ఆ నగరపు సంపద వేరు, మన పురపాలకముల రాబడి వేరు. అయినను ఇల్లు కట్టునాడే బడిని, వైద్యుని, పుస్తకమును తలచుకొనుటకు సంపద కంటె ముందుగా కావలసినది ఆలోచన.

సంఘసంక్షేమమున బీడీ కార్మికురాలి కథ ముఖ్యమైనది. ఆమె ఇంటి గడపలో కూర్చుండి తునికాకు కత్తిరించి బీడీ చుట్టును గనుక ఆమె కార్మికురాలా, గృహిణియా అని చిరకాలము సందేహించిరి. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టువారిని కూడ కార్మికులుగా గుర్తించెను. 1976లో వారి సంక్షేమనిధికి చట్టము వచ్చెను. వైద్యము, బిడ్డల చదువు, ఇల్లు ఆ నిధి ఆశయములు. 2015లో తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి నొసగ మొదలిడి, 2019లో దానిని 2,016 రూపాయలు చేసెను. ఈ మేళ్ళేవియు కౌన్సిలు చేసినవి కావు. కాని అర్హులెవరో ఎరిగినది వార్డు. పేరు తప్పిపోయిన వితంతువు తలుపు తట్టునది వార్డు సభ్యుని ఇంటనే.

ఇక సంస్కృతి మాట. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమమున చదివినవారు. వారి బాల్యమున తెలుగు సాహిత్యము హరికథలుగా, జంగముకథలుగా, జానపదుల పాటలుగా ఊరి నడుమనే వినబడెను. 1988 జ్ఞానపీఠ పురస్కారమునకు తొలి మెట్లు ఆ అరుగులలో గలవు. జగిత్యాల బిడ్డ, కవి, ఛాయాచిత్రకారుడు అలిశెట్టి ప్రభాకర్ పేదరికముతోను క్షయతోను పోరాడి 1993 జనవరి 12న కన్నుమూసెను. మొదటివారి జీవితము ఊరి అరుగు విలువను, రెండవవారి జీవితము కళాకారునకు ఆదరువు లేకుండుటను చెప్పుచున్నవి.

హైదరాబాదు రాష్ట్రమున 1955లోనే గ్రంథాలయ చట్టము వచ్చినది. 1960లో ఆంధ్రప్రదేశమంతటికి ఒకే చట్టమైనది. అందుండియే మన రసీదులోని ఆ పైసల పద్దు. పురపాలకము దానిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. రాష్ట్రమున పలు పట్టణములందు ఈ బాకీ పేరుకొనిపోవుట జరుగుచున్నదే. పుస్తకమునకని తీసికొన్న పైస వేరొక ఖర్చులో కలిసినచో, ఎవరును వీధిలో కేకలు వేయరు. పరీక్షలకు చదువుకొను పేద యువకుడు కుర్చీ లేక వెనుదిరిగి పోవును, అంతే.

కావున ఈసారి రసీదు వచ్చినప్పుడు మేకునకు గ్రుచ్చుటకు ముందు ఒక్కమారు చదువుదము. ఆ పద్దు గ్రంథాలయమునకు చేరినదా అని మన వార్డు సభ్యుని అడుగుదము. కర్మశాలకు స్థలమెచటనని, దూరపు కాలనీకి బస్సెప్పుడని అడుగుదము. 1935లో సిరిసిల్లలో మాటాడుటకే మన పెద్దలు అనుమతి వేడవలసి వచ్చెను. నేడు అడుగుటకు మనకు ఎవరి సెలవును అక్కరలేదు.