తీగ తగలకుండా తిరిగిన రాగి డొల్ల

గూడూరు చుట్టుపక్కల నిమ్మతోటల్లో, కాలిపోయిన మోటారుకు వైండింగ్ చేయించి మళ్లీ బోరులో దించినప్పుడు ఒక్కోసారి ఒక వింత జరుగుతుంది. మోటారు తిరుగుతుంది గానీ నీళ్లు సన్నగా వస్తాయి. "రివర్స్ తిరగతా ఉండాది పెదనాయనా" అంటాడు మెకానిక్. కరెంటు ఆపి, స్టార్టర్ మూత తీసి, మూడు వైర్లలో ఏవైనా రెండింటిని అటుదిటు మార్చి బిగిస్తాడు. ఈసారి పైపు నిండా నీళ్లు దూకుతాయి.

వైర్లు మారితే తిరిగే దిక్కెందుకు మారుతుంది? ఇది తెలియాలంటే 1885 నాటి ట్యూరిన్ నగరానికి, గెలీలియో ఫెరారిస్ దగ్గరికి వెళ్లాలి.

1847లో ఉత్తర ఇటలీలోని ఒక పల్లెలో పుట్టాడాయన. తండ్రిది మందుల కొట్టు. ట్యూరిన్‌లో ఇంజనీరింగ్ చదివి, అక్కడే భౌతికశాస్త్రం చెప్పాడు. కాంతి మీద ఆయనకు మక్కువ. ఒకదానికొకటి లంబంగా ఊగే రెండు కాంతి తరంగాలు ఒకదాని వెనక ఒకటి సరైన ఎడంతో నడిస్తే, రెండూ కలిసి గుండ్రంగా తిరుగుతాయని ఆయనకు తెలుసు. దారానికి వేలాడే రాయిని తూర్పు పడమరలుగా ఊపి, అది కొసకు చేరగానే ఉత్తరానికి ఒక తోపు తోస్తే సుడి తిరుగుతుంది చూడండి, అలా. అయస్కాంతం విషయంలోనూ ఇలాగే ఎందుకు జరగకూడదు అనుకున్నాడు.

రెండు తీగచుట్లను లంబంగా అమర్చి, వాటిలో ఒకదాని వెనక ఒకటిగా ఊగే కరెంటు పంపాడు. మధ్యలో ఒక రాగి డొల్ల. దానికి ఏ తీగా తగల్లేదు, అయినా తిరిగింది! చుట్టూ తిరిగే అయస్కాంత క్షేత్రం రాగిలో కరెంటు పుట్టించి, దాన్ని తన వెంట లాక్కుపోయింది. మన త్రీఫేజ్ మోటారులో ఈ పని మూడు చుట్లు చేస్తాయి. రెండు వైర్లు మారిస్తే వాటి వరస తిరగబడి, క్షేత్రం ఎదురు తిరుగుతుంది.

అప్పటి డీసీ మోటార్లకు, తిరిగే చుట్లకు కరెంటు అందించే కమ్యుటేటరూ బ్రష్షులూ తప్పనిసరి. కమ్యుటేటర్ రాగి ముక్కల నడుమ పెట్టేది అభ్రకం రేకులే. గూడూరు దగ్గరి సైదాపురం గనుల అభ్రకానికి గిరాకీ తెచ్చిన కరెంటు పనుల్లో ఇదీ ఒకటి. ఫెరారిస్ యంత్రానికి ఆ కమ్యుటేటరే అక్కర్లేదు.

1888 మార్చిలో ట్యూరిన్ అకాడమీలో ఈ సంగతి చదివి వినిపించాడు. ఆ మే నెలలోనే అమెరికాలో, ఇదే ఆలోచన మీద స్వతంత్రంగా పనిచేసిన నికోలా టెస్లాకు పేటెంట్లు వచ్చాయి. ఫెరారిస్ పేటెంటు తీసుకోలేదు. తన లెక్క ప్రకారం అందులో సగం శక్తికి మించి పనికి రాదని, ఇది పరిశ్రమకు ఉపయోగపడదని నమ్మాడు. ఆ లెక్కలో ఆయన పొరబడ్డాడు. ఆ వ్యాసం చదివిన డొలివో-డొబ్రొవొల్‌స్కీ అనే ఇంజనీరు 1889లో త్రీఫేజ్ మోటారు చేసి చూపించాడు. నాకు మాత్రం ఆ పొరపాటు కన్నా, చేతిలో ఉన్నదాన్ని దాచుకోకుండా నలుగురి ముందూ పరిచిన ఆ మనసే పెద్దగా కనిపిస్తుంది. ఇవాళ వాకాడు, కోట వైపు రొయ్యల గుంటల్లో రాత్రంతా నీళ్లు చిలికే ఏరేటర్లను తిప్పేది ఆ అయస్కాంత సుడే.

1897 ఫిబ్రవరి 7న, నలభై తొమ్మిదేళ్లకే ఫెరారిస్ పోయాడు. ఆయన సూత్రంతో నడిచే కరెంటు మీటరుకు ఇప్పటికీ ఫెరారిస్ మీటర్ అనే పేరుంది. పాత మీటరు అద్దం వెనక సన్నని అల్యూమినియం బిళ్ల తిరుగుతుండేది. అంచు మీది రంగు గీత మళ్లీ ఎప్పుడొస్తుందా అని చిన్నప్పుడు కాచుకుని చూసేవాళ్లం. ఆ బిళ్లకూ ఏ తీగా తగిలి ఉండదు.