గోదావరి గ్యాసు, పటాన్‌చెరు కరెంటు

సహజవాయువు శుభ్రమైన ఇంధనమన్న మాటలో అబద్ధం లేదు. బూడిద మిగలదు, గంధకపు పొగ దాదాపు ఉండదు. గ్యాసుతో నడిచే కంబైన్డ్ సైకిల్ విద్యుత్ స్టేషన్‌లో ఒక్కో యూనిట్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్ బొగ్గు స్టేషన్‌తో పోలిస్తే సుమారు సగమే. అయితే ఇది చిమ్నీ దగ్గర కట్టిన లెక్క. హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడ పటాన్‌చెరు గతం చూస్తే లెక్క గ్యాసు బావి దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది. గ్యాసు ఆగకుండా వచ్చినన్నాళ్లే ఆ శుభ్రత. ఆగిన రోజున పొగ మరోచోట లేస్తుంది.

ఈ ప్రాంతానికి గ్యాస్ టర్బైన్ ఇరుగుపొరుగు చుట్టం. పక్కనే రామచంద్రాపురంలో 1960లలో మొదలైన బీహెచ్‌ఈఎల్ కర్మాగారం తర్వాత గ్యాస్ టర్బైన్లకూ పేరుపడింది. యంత్రం ఇక్కడిది, ఇంధనం గోదావరి సీమది. అక్కడి విజ్జేశ్వరం గ్యాస్ విద్యుత్ స్టేషన్ ఏర్పాటే ఒక విశేషం: విద్యుత్ బోర్డుతో పాటు పరిశ్రమలూ వాటాలు పెట్టి, వాటా మేరకు కరెంటు తీసుకునేలా 1988లో కంపెనీ పెట్టారు. ఆ వెనక జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి, వేమగిరి వచ్చాయి. 2009 ఏప్రిల్‌లో కృష్ణా-గోదావరి తీరపు సముద్రంలోని కేజీ-డి6 క్షేత్రం నుంచి గ్యాసు మొదలవడంతో ఆశ ఆకాశానికెక్కింది. 2010లో కరీంనగర్ జిల్లా నేదునూరులో 2,100 మెగావాట్ల స్టేషన్‌కు శంకుస్థాపన చేశారు. పటాన్‌చెరుకు దగ్గరి శంకర్‌పల్లిలోనూ ఒకటి కడదామనుకున్నారు. శంకుస్థాపనకు గ్యాసు అక్కర్లేదు కదా! రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరిన డి6 ఉత్పత్తి చూస్తుండగానే జారిపోయి, 2013 మార్చికల్లా విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసు పూర్తిగా నిలిచిపోయింది. వానలు చాలక జలవిద్యుత్తూ తగ్గిన ఆ రోజుల్లో పరిశ్రమలకు దక్కింది పవర్ హాలిడేలే. నడవక తప్పని షెడ్డుకు డీజిల్ జనరేటరే దిక్కు. ఎత్తయిన చిమ్నీ నుంచి కాక, కార్మికుల గదుల పక్కనే పొట్టి గొట్టం నుంచి పొగ వచ్చింది.

పటాన్‌చెరు జబ్బు పొగ కాదు, నీళ్లు అనేవారున్నారు. నిజమే. ఇక్కడి నక్కవాగులో కలిసిన ఫ్యాక్టరీ రసాయనాల వ్యవహారం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఏ టర్బైనూ ఆ వాగును కడగదు. కానీ వ్యర్థజలాల శుద్ధి కూడా కరెంటు మీదే నడుస్తుంది. మురుగును తినే సూక్ష్మజీవులకు రాత్రింబవళ్లు గాలి కొట్టాలి. బ్లోయర్లు గంటల తరబడి ఆగితే ఆ జీవులు చస్తాయి, శుద్ధి కుంటుపడుతుంది. తెగిపోయే కరెంటు వాగుకూ చేటే.

తెలంగాణ వచ్చాక కోతలు తీర్చింది గ్యాసు కాదు, బొగ్గు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. జైపూర్, మణుగూరు స్టేషన్లు బొగ్గువే. ఆగని బొగ్గు కరెంటు జనరేటర్లను ఆపితే పటాన్‌చెరు గాలికి అది మేలేనని ఒప్పుకోవాలి. అయితే ఆ బూడిద మణుగూరు వాసుల పాలైంది. గ్యాసుకూ అలాంటి బాకీ ఉంది: 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో పేలింది కొండపల్లి విద్యుత్ కేంద్రం వైపు వెళ్లే గొట్టమే. ఇరవైమందికి పైగా కాలిపోయారు. ఏ యూనిట్ ధరలోనూ ఆ ఊరు కనబడదు.