వీధిబడి ఇసుక నుండి ఋషివ్యాలీ నిచ్చెన వరకు

ఆదివారపు బడిలో పాఠము చెప్పిన వారందరికీ ఈ కష్టము తెలిసినదే. అయిదేండ్ల పాప, పన్నెండేండ్ల పిల్లవాడు ఒకే చాపమీద కూర్చుంటారు. ఒకరు కథ వినగానే తిరిగి చెప్పగలరు. మరొకరికి అక్షరములే రావు. కుప్పము వైపు పోతే ఇంట తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు కూడ వారిలో చేరతారు.

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో మేము సేవ చేసిన దినములలో ఒక పిల్లవాడు కంఠతావాక్యము ఏనాడూ సరిగా అప్పగించలేదు. వాడు వచ్చేదే నెలకు రెండు ఆదివారములు. తక్కినవి తల్లితోకూడ టమాట తోటలలో గడిచేవి. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. అయినను వారమునకొక కొత్త వాక్యము ఇస్తూ, వాడు వెనుకబడ్డాడని అందరి యెదుట నిలబెట్టాము. కొన్నాళ్ళకు వాడు రావడమే మానుకొన్నాడు. తప్పు వానిలో ఉన్నదా, మా బడిలో ఉన్నదా అని ఆలోచించినప్పుడు ఈ చరిత్ర వెదకవలసి వచ్చింది.

పూర్వము మన వీధిబడులలో నేటివంటి తరగతులు లేవు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దేవారు. ముందుకు పోయిన పిల్లవాడు వెనుకనున్న వానికి నేర్పేవాడు. 1789లో మదరాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథశాల బాధ్యత వహించిన ఆండ్రూ బెల్ అను ఆంగ్లికన్ గురువు ఈ ఇసుక వ్రాత చూచి తన బడిలో ప్రవేశపెట్టాడు. పంతుళ్ళు సహకరించకపోతే పెద్ద పిల్లలచేతనే చిన్నవారికి చెప్పించాడు. 1797లో లండనులో ఆయన ప్రకటించిన పుస్తకముతో అది 'మదరాసు పద్ధతి'గా ఇంగ్లండంతట ప్రాకింది. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ కూడ, పిల్లలచేత పిల్లలకు నేర్పించే ఈ దేశపు వాడుకను మెచ్చుకొంటూ, అర్థము తెలియకుండ పద్యములు వల్లెవేయించుటను మాత్రము తప్పుపట్టాడు. ఆ బడిని మరీ పొగడనక్కరలేదు. బెత్తము సంగతి అలా ఉంచినా, మన పితరులలో అనేకులను ఆ అరుగు ఎక్కనిచ్చేవారే కారు.

తరువాత సర్కారు గ్రాంట్లు, పరీక్షలు, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. పిల్లలను తరగతులుగా విడదీసి, అందరికీ ఒకే దినము ఒకే పాఠము చెప్పడము వాడుక అయింది. మిషను బడులు కూడ ఆ దారినే నడిచాయి.

ఇక మన ముంగిటి సంగతి. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీకి 1987లో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు వచ్చారు. చుట్టుపట్ల పల్లెలలో ఒక గది, ఒకే పంతులు, అయిదు తరగతులు ఉండే చిన్న బడులపై వారు దృష్టి పెట్టారు. పాఠ్యపుస్తకమును విప్పి చిన్న చిన్న కార్డులుగా చేశారు. ప్రతి కార్డుమీద ఒక బొమ్మ గుర్తు. ఆ గుర్తులన్నియు వరుసగా గోడమీద నిచ్చెనలా ఉంటాయి. పిల్లవాడు తానే మెట్టుమీద ఉన్నాడో చూచుకొని తన కార్డు తానే తీసుకొంటాడు. కొందరు పూర్తిగా పంతులు సాయముతో, కొందరు కొద్ది సాయముతో, కొందరు తోటిపిల్లలతో, కొందరు తమంతట తాము పని చేస్తారు. పరీక్ష కూడ ఒక కార్డే గనుక దానికి భయపడవలసిన పని లేదు. పాటలు, కథలు ఆ పల్లెలవే. వేరుశనగ కోతకు పోయిన పిల్ల నెల తర్వాత వచ్చినా, విడిచిన మెట్టు నుండియే మొదలుపెడుతుంది. ఈ ఒక్క మాట చదివినప్పుడు మాకు ఆ టమాట తోటల పిల్లవాడే కంటబడ్డాడు.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు దీనిని చూచి వెళ్ళి 'నలి కలి' ఆరంభించారు. 2003లో చెన్నై నగరపాలక బడులు, తరువాత తమిళనాడు సర్కారు ప్రాథమిక బడులు ఇటువంటి మార్గము పట్టాయి.

కొందరు ఉపాధ్యాయులు ఒకడు కంటితో, ఒకడు చెవితో, ఒకడు చేతితో నేర్చుకొంటాడని పిల్లలను జాతులుగా విభజిస్తారు. 2008లో హెరాల్డ్ ప్యాష్లర్, మరి ముగ్గురు అమెరికా మనస్తత్వవేత్తలు ఆ పరిశోధనలన్నీ పరిశీలించి, ఆ ముద్రనుబట్టి పాఠము మార్చితే చదువు మెరుగవుతుందనుటకు తగిన ఆధారము లేదన్నారు. మాకును అది సబబుగానే తోచింది. మొద్దు అనే ముద్ర తీసి 'చెవి పిల్లవాడు' అని మరొకటి వేస్తే వానికి ఒరిగేదేమి? 1999లో స్థాపితమైన అగస్త్య సంస్థవారికి కుప్పము దగ్గర గుడివంకలో ఉన్న ప్రయోగశాలలకు వెళ్ళిన పిల్లలలో ఎవరు చెవివారో ఎవరు కంటివారో ఎవరును అడగరు. అందరూ వస్తువును చేతపట్టి, చూచి, ప్రశ్న అడుగుతారు. పిల్లలలో తేడా ఉన్నమాట నిజమే. అయితే ఆ తేడా ముఖ్యముగా ఎవరు ఏ మెట్టుమీద ఉన్నారన్నదానిలోనే ఉన్నదని మా అభిప్రాయము.

ఇప్పుడు మా ఆదివారపు బడి గోడమీద ఒక నిచ్చెన గీసి ఉన్నది. వాక్యములను అట్టముక్కలమీద వ్రాశాము. తల్లిదండ్రులతో బెంగుళూరుకు కూలికి వెళ్ళిన ఒక పాప రెండు నెలల తర్వాత మొన్న వచ్చింది. ఎవరినీ అడగకుండ గోడవద్దకు పోయి, కుందేలు గుర్తు వెదకి, తన అట్టముక్క తీసుకొని చాపమీద కూర్చున్నది.