దాసోహం: ఒక మాట, రెండు గతులు

నేటి తెలుగులో ‘దాసోహం’ నిందావాచకం. అధికారానికి దాసోహమన్నాడని, ధనానికి దాసోహమైనాడని అనడం పరిపాటి. ఈ ప్రయోగంలో ఒక విశేషమున్నది. ఎవరూ తమను గురించి ఈ మాట వాడుకొనరు; పరులను గురించియే వాడుదురు.

కాని పుట్టుకచేత ఇది తన్ను గురించి తాను చెప్పుకొనవలసిన వాక్యం. దాసః, అహమ్ అను సంస్కృత పదాలు సంధి గూడగా ‘దాసోఽహమ్’ అయినది. ‘నేను దాసుడను’ అని అర్థం. వాల్మీకి సుందరకాండలో హనుమంతుడు తాను కోసలేంద్రుని దాసుడనని లంకలో చాటినది ఈ మాటతోనే. అది వంగిన వెన్ను పలికిన పలుకు కాదు. శత్రునగరంలో వీరుడు చేసిన ఘోషణ.

12వ శతాబ్దంలో బసవేశ్వరుడు కల్యాణ నగరంలో బిజ్జలుని కొలువులో భాండాగారాన్ని చూచినవాడు. అయినను ఆయన మార్గంలో దాసోహం రాజుకు చెందినది కాదు. జంగమునకు, శివభక్తునకు చెందినది. కాయకంచేత, అనగా తన శ్రమచేత, ఆర్జించినదానిని వినయంతో పంచిపెట్టుటే దాసోహం. కన్నడంలో ఆ అర్థం చెడలేదు. మఠాలలో వచ్చినవారికి పెట్టే అన్నం నేటికీ ‘దాసోహ’యే. 2019లో శివైక్యం చెందిన తుమకూరు సిద్ధగంగా మఠాధిపతి శివకుమారస్వామిని అన్నం, అక్షరం, ఆశ్రయం ఇచ్చిన ‘త్రివిధ దాసోహి’ అని జనం కీర్తించారు.

బసవని కథను ద్విపదలో దేశికవిత్వంగా తీర్చిన పాల్కురికి సోమనాథుడు తెలుగువాడే. అయినను తెలుగు వాడుకలో మాట నిలిచినది గాని దాని వెంటనున్న అన్నం నిలువలేదు. సేవ్యుని స్థానం ఖాళీపడగా అందులో దొరయు, ధనమును వచ్చి కూర్చున్నవి.

నిజాం కాలపు తెలంగాణలో వెట్టివాడు పలికిన ‘బాంచెన్, కాల్మొక్త’ అను మాటను దీనితో సమానం చేయరాదు. అది గత్యంతరం లేనివాని నోట బలవంతాన పలికించిన మాట. దాసోహమను నింద తగిలేది గత్యంతరం ఉండియు వంగినవానికి మాత్రమే.

కన్నడ వచనాలను తెలుగు చేసేవారికి చిక్కు ఇక్కడనే వచ్చును. ‘దాసోహ’ను ‘దాసోహం’గా ఉంచినచో అక్షరం నిలుచును, అర్థం తలక్రిందులగును. పంచిపెట్టిన చేయి పోయి, చాచిన చేయి కనబడును. అక్కడ సేవయనియో, అన్నదానమనియో సందర్భాన్నిబట్టి విప్పి చెప్పుటే మూలానికి న్యాయం.