బియ్యపు రొట్టె



మా యిల్లు హైదరాబాదు పాతనగరమున శాలిబండలో నున్నది. పురానీ హవేలీ చెంత 1851లో నెలకొల్పబడిన మున్షీ నాను రొట్టెలు తిని పెరిగినవాడను. నాల్గవ నిజాము కొలువున వ్రాయసకాడుగా నుండిన మహమ్మదు హుస్సేను ఆ దుకాణమునకు మూలపురుషుడు. ఇట్టి యింట మా మనుమడు విడువని విరేచనములతో శుష్కింపగా, గోధుమ వానికి గిట్టదని వైద్యులు తేల్చిరి. “అందఱికిని నాను, మఱి నాకు?” అని బాలుడడిగెను.

గోధుమపిండి ముద్దను నీటిలో పిసికి కడిగినచో గంజి పోయి, సాగెడు జిగురు చేత మిగులును. ఇటలీ పండితుడు బెక్కారి దీనిని వేఱుపఱచిన వృత్తాంతము 1745లో అచ్చయ్యెను. పులిసిన పిండిలో పుట్టు వాయువును ఈ జిగురే తిత్తివలె పట్టియుంచును. కనుకనే నాను పొంగును. కొందఱి ప్రేవులకు అదియే శత్రువు. 1944-45 శీతకాలమున హాలండులో కఱవు వచ్చి గోధుమ దొరకనపుడు అట్టి రోగపు పిల్లలు తేఱుకొనిరి. రొట్టె రాగానే మరల పడిరి. ముందునుండియు గోధుమను శంకించుచుండిన డిక్కె అను వైద్యుడు 1950లో దీనిపై గ్రంథము వ్రాసెను.

బియ్యమున నీ జిగురు లేదు. చన్నీట తడిపిన పిండి తట్టగానే బీటలు వాఱును. మన యాడువారు దీని కెన్నడో ఉపాయమెఱిగిరి. తెరలుచున్న యెసటిలో పిండి పోసి, కలియబెట్టి, మూతవేసి, వేడి చేతికి తాళునప్పుడు పిసుకుదురు. సుమారు 70 డిగ్రీల వేడికి పిండిరేణువులు నీరు త్రాగి యుబ్బి బంకయై, జిగురు చేయవలసిన పనిలో కొంత చేయును. వరంగల్లు, కరీంనగరము సీమల సర్వపిండిది వేఱొక యుక్తి: పల్లీలు, సెనగపప్పు, నువ్వులు చేర్చిన ముద్దను గిన్నె లోపలివైపున పలుచగా నదిమి, చిల్లులు పొడిచి, నూనె పోసి కాల్తురు. రొట్టెను నిలుపునది గిన్నెయే.

పొంగవలెనన్న నేమి చేయవలెను? ఇడ్డెనలో మినుప బంక వాయువును పట్టును. నేటి రొట్టెపనివారు బియ్యపుపిండిలో ఇసబ్గోలు పొట్టు కలుపుచున్నారు. మా యమ్మ దానిని మలబద్ధపు మందుగానే యెఱుగును!

ఒక్క జాగ్రత్త. గిర్నిలో గోధుమల వెంటనే ఆడించిన బియ్యపుపిండి యిట్టి రోగికి పనికిరాదు. బజారు ఇంగువలోను తఱచు గోధుమపిండి కలియును. మేమీ రెండును తెలియక రెండు నెలలు పోగొట్టుకొంటిమి.

మొన్న మా కోడలు ఇంట విసరిన పిండితో రొట్టె కాల్చెను. అంచు విఱిగెను. బాలుడు ఆ విఱిగిన ముక్కనే ముందు తీసికొనెను.