అట్టమీది మాట

నవలకి పేరు పెట్టడంలో ఒక సుఖం ఉంది. పేరు చూసి లోపలేముందో తెలియకపోయినా ఫరవాలేదు. ‘వెన్నెల’ అని పేరుపెట్టి రెండొందల పేజీలు అమావాస్య గురించి రాసినా అడిగేవారు లేరు. గ్రైండరుతోబాటు వచ్చే పుస్తకానికి ఆ స్వేచ్ఛ ఎక్కడిది? యంత్రం ఆగిపోయి, చేతులకి పిండి అంటుకుని ఉన్నప్పుడు వెతుక్కునే పుస్తకమది.

ఈ తేడాని గొప్పవాళ్ళు కూడా అన్నివేళలా పట్టించుకోలేదు. 1150లో భాస్కరాచార్యుడు లెక్కల పుస్తకం రాసి ‘లీలావతి’ అన్నాడు. ఆమె ఆయన కూతురనీ, ముహూర్తం తప్పి పెళ్ళి ఆగిపోతే ఓదార్చడానికి ఆ పేరు పెట్టాడనీ ఒక కథ. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో ఆ పుస్తకాన్ని పారశీకం చేస్తూ ఈ కథ చెప్పాడు. పేరు వింటే మనసు కరుగుతుందిగాని, లోపల త్రైరాశికం ఉందని ఎవరికి తడుతుంది? మన పావులూరి మల్లన మాత్రం మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి, ‘సారసంగ్రహ గణితము’ అని ఊరుకున్నాడు. అందులో కథా లేదు, కన్నీరూ లేదు. లెక్కలు కావలసినవాడు చెయ్యి చాపితే చాలు.

ఇంగ్లీషు కవి ఛాసర్ సంగతి ఇంకా తమాషా. 1391లో పదేళ్ళ కొడుకు లూయీకి ‘ఆస్ట్రోలేబ్’ అనే ఖగోళ యంత్రం ఇచ్చి, దాన్ని వాడే విధానం కూడా రాసి ఇచ్చాడు. పిల్లవాడికి లాటిన్ అంతంతమాత్రం కనక ఇంగ్లీషులోనే రాశాడు. అంతా బాగానే ఉంది. కానీ కొన్ని రాతప్రతుల మీద దాని పేరు ‘పిల్లలకు రొట్టె, పాలు’! ముద్దొచ్చే పేరే. వంటపుస్తకమనుకుని తెరిచిన తల్లి గతేం కావాలి?

మనవాళ్ళేం తక్కువ తినలేదు. 1858 నాటి చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ చూసి ఎమ్మే చదివేవాళ్ళకే చెమటలు పడతాయి. బాలుడంటే పసివాడు కాదు, ఆ శాస్త్రానికి కొత్తవాడు అని పండితులు సర్దిచెబుతారు. ఆ వివరణ అట్టమీద లేదే!

1851లో రస్కిన్ ‘గొర్రెల దొడ్ల నిర్మాణం గురించి’ అని ఒక చిన్న పుస్తకం వేశాడు. లోపలున్నది క్రైస్తవ సంఘాల ఐక్యత. రైతులు దొడ్డి కట్టుకుందామని కొనుక్కుపోయారని చెప్పుకుంటారు. నవ్వొస్తుంది నిజమే, కానీ రైతు డబ్బు రైతుదే కదా!

ఇంతమంది మగమహానుభావుల మధ్య నాకు నచ్చింది ఒక ఇల్లాలు. 1747లో లండన్‌లో ‘వంటకళ: తేటగా, తేలికగా’ అనే పుస్తకం వచ్చింది. రచయిత పేరున్న చోట ‘ఒక స్త్రీ’ అని మాత్రమే ఉంది. ఆమె హన్నా గ్లాస్. పెద్ద వంటవాళ్ళ భాషలో రాస్తే పనిపిల్లలకి బోధపడదని ముందుమాటలోనే చెప్పి, వాళ్ళకి తెలిసిన మాటల్లో రాసింది. అట్టమీద ఇచ్చిన మాట లోపల నిలబెట్టుకుంది. దాదాపు వందేళ్ళపాటు ఆ పుస్తకం మళ్ళీ మళ్ళీ అచ్చయింది. ఎవరో డాక్టరుగారు రాసి ఉంటారని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ స్త్రీ ఎవరో 1938లో ఒక చరిత్రకారిణి ఆధారాలతో తేల్చింది.

ఇప్పుడు మీ వంటింటి సొరుగు తెరవండి. ప్రతి పుస్తకం మీదా కంపెనీ పేరు ఇంతలావు, దానికింద ఏవో అంకెలు, ఆపైన ‘యూజర్ మాన్యువల్’. తెలుగులో దీనికి ‘కరదీపిక’ అనే చక్కటి మాట ఉంది. చేతిలో దీపం సరే, ఏ గదిలోకి వెళ్ళాలో చెప్పాలిగా! కుక్కరులో ఆవిరి బిగిసిపోయినప్పుడు స్టవ్వు దగ్గర ఉండేది ఆ పుస్తకం రాసిన ఇంజనీరు కాదు. మీరో, మీ అత్తగారో, నిన్నగాక మొన్న పనిలో చేరిన అమ్మాయో.

‘కుక్కరు: మూత బిగించడం, తియ్యడం, ఆవిరి రాకపోతే చెయ్యవలసింది’ అని అట్టమీద వేస్తే కంపెనీవారి గౌరవానికేం లోటు? ఆ అమ్మాయి అక్షరాలు కూడబలుక్కునైనా చదువుకుంటుంది. మూత మీద చెయ్యి వెయ్యకముందే స్టవ్వు ఆపుతుంది.